బదిలీ కీపర్

మా కాలేజీకి ఫుట్‌బాల్ కప్పు వచ్చిన ఏడాది నేను ఆ జట్టులో రెండో గోల్ కీపర్‌ని. రెండో కీపర్ అంటే తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను: మొదటి కీపర్ తాగి ఇచ్చిన నీళ్ల సీసా పట్టుకుని నిలబడేవాడు. ఆ సీజన్ మొత్తంలో నేను గోల్‌లో ఒక్క నిమిషం కూడా నిలబడలేదు. అయినా ఎవరైనా అడిగితే ఆ కప్పు మేమే గెలిచామని అంటాను, కాస్త గొంతు పెంచి మరీ అంటాను.

నాచారంలో ఒక అద్దె మేడలో నడిచే డిగ్రీ కాలేజీ మాది. గ్రౌండ్ లేదు. ఉప్పల్ వైపు ఒక ఖాళీ జాగాలో, మొరం నేల మీద, పొద్దున్నే ప్రాక్టీసు చేసేవాళ్లం. అప్పుడే అక్కడ క్రికెట్ స్టేడియం లేస్తోంది. సిమెంటు లారీల డ్రైవర్లు మమ్మల్ని చూసి హారన్ కొట్టి పోయేవాళ్లు. అది మెచ్చుకోలో వెక్కిరింతో ఎప్పుడూ తేలలేదు. ఊరంతా క్రికెట్ పిచ్చిలో ఉంటే మేం పదమూడు మందిమి ఫుట్‌బాల్ పట్టుకుని వేలాడుతున్నాం.

మా మొదటి కీపర్ నాకంటే ఏడాది పెద్ద. అన్నా అని పిలిచేవాణ్ని. మౌలాలిలో రైలు పట్టాల పక్కన వాళ్ల ఇల్లు. తండ్రి పనిచేసే మిల్లు మూతపడ్డాక ఇంటి బరువంతా అతని మీద పడింది. పొద్దున ప్రాక్టీసు, తర్వాత క్లాసులు, మధ్యాహ్నం పన్నెండు నుంచి రాత్రి ఎనిమిది దాకా నాచారంలోనే మందుల సీసాలు చేసే ఒక కంపెనీలో ప్యాకింగ్ పని. ఇంత చేసినా మొహంలో అలసట కనిపించేది కాదు. నాకు దాని మీద కూడా కోపమే.

అతని చేతుల గురించి చెప్పాలి. ఏ కీపర్ బంతి పట్టినా ఫట్ మని చప్పుడవుతుంది. అతని చేతుల్లో పడితే అయ్యేది కాదు. ఎంత గట్టిగా కొట్టినా బంతి వచ్చి, ఆగిపోయేది. గోల్ వెనక నిలబడి చెవులు రిక్కించి విన్నాను, ఒక్కసారైనా వినపడకపోతుందా అని. వినపడలేదు. నేను పడితే మాత్రం పక్క వీధి కుక్కలు లేచేవి.

మాకు ఆటలు నేర్పే పీడీ సార్ మొదటి రోజే విషయం తేల్చి చెప్పారు. కాలేజీల మధ్య జరిగే ఆ టోర్నమెంటు గెలిస్తే యూనివర్సిటీ జట్టు సెలెక్షన్‌కు అతన్ని తప్పక పిలుస్తారు. యూనివర్సిటీకి ఆడిన సర్టిఫికెట్ ఉంటే రైల్వేలో స్పోర్ట్స్ కోటాకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. అతనికి అదే ఆఖరి ఏడాది. చిక్కల్లా ఒక్కటే, మ్యాచ్‌లన్నీ మధ్యాహ్నం మూడింటికి, సరిగ్గా డ్యూటీ టైములో.

దానికి మా నాచారం కంపెనీల్లో ఒక దారి ఉండేది. కూలి లెక్కన పనిచేసేవాళ్లు రాలేని రోజు తమ బదులు ఇంకో మనిషిని పంపొచ్చు. అతన్ని బదిలీ మనిషి అంటారు. తలల లెక్క సరిపోతే మేస్త్రీ ఏమీ అనడు. మనిషీ రాక, బదిలీ కూడా రాకపోతే మాత్రం మర్నాటికి ఆ జాగాలో వేరేవాడు ఉంటాడు. మాలో మైదానంలోకి దిగనివాళ్లం ఇద్దరమే. మొదటి మ్యాచ్ రోజు ఆ రెండోవాడు వెళ్లి, బోలెడు సీసాలు పగలగొట్టి వచ్చాడు కాబట్టి మేస్త్రీ వాణ్ని మళ్లీ గేటు దాటనివ్వనన్నాడు. అలా ఆ పని నా నెత్తిన పడింది.

నేను మూతి ముడుచుకునే వెళ్లాను. బెల్టు మీద సీసాలు వరసగా వస్తాయి, ఇంకా కాస్త వేడిగా. ఆగవు. రెండు చేతులతో తీసి అట్టపెట్టెలో పేర్చాలి, ఒకదానికొకటి తగలకూడదు. మొదటి పది నిమిషాల్లోనే నా చొక్కా తడిసిపోయింది. నేను సీసా కోసం ఎగబడుతున్నాను, అది జారిపోతోంది. నా పక్కన నిలబడ్డ పెద్దావిడ, నల్గొండ వైపు నుంచి వచ్చి ఇరవై ఏళ్లుగా ఆ బెల్టు దగ్గరే ఉన్న మనిషి, కాసేపు చూసి నా మోచెయ్యి పట్టి వెనక్కి లాగింది.

"గుంజకు బిడ్డా. అదే వస్తది. నువ్వు చెయ్యి దానితోని పోనియ్యి, గంతే."

ఆవిడ చేతుల వైపు చూశాను. చప్పుడు లేదు. ఆ వరసలో పన్నెండు మంది ఆడవాళ్లు, గంటకు వందల సీసాలు, ఒక్క దగ్గరా టక్ మన్న శబ్దం లేదు. మా గోల్‌లో రోజూ నేను చూస్తున్నది ఇదే. పీడీ సార్ నేర్పారని మేమంతా అనుకుంటున్న విద్య ఈ రేకుల షెడ్డు కింద పుట్టింది. ఇన్నాళ్లూ ఆ చేతుల్ని చూసి కుళ్లుకున్నందుకు సిగ్గేసింది, కుళ్లు మాత్రం పూర్తిగా పోలేదు.

ఆ తర్వాత మ్యాచ్ మీద మ్యాచ్, వాళ్లు అక్కడ గెలవడం, నేను ఇక్కడ పెట్టెలు కట్టడం. స్కోరు మర్నాడు పొద్దున ప్రాక్టీసులో తెలిసేది. సెమీఫైనల్ దాకా అతని మీద పడ్డ గోల్స్ రెండే. పేరున్న కాలేజీలు మాకు ఓడిపోతున్నాయంటే మాకే నమ్మబుద్ధి కాలేదు. గడ్డి గ్రౌండ్లు, కొత్త బూట్లు ఉన్నవాళ్లని మొరం మీద మోకాళ్లు చెక్కుకున్న మావాళ్లు ఓడించారు.

ఇన్నాళ్లూ ఎలాగో నెట్టుకొచ్చిన పీడీ సార్ ఫైనల్ ముందు రోజు తల పట్టుకున్నారు. కీపర్‌కి దెబ్బ తగిలితే గోల్‌లో నిలబడేందుకు రెండోవాడు గ్రౌండ్‌లో ఉండాలి కదా, వాణ్ని కంపెనీకి ఎలా పంపుతామని. ఆయన మాట సబబే. అన్న నన్ను పక్కకి పిలిచాడు.

"నీకు ఆడాలనుంటే చెప్పు తమ్మీ. రేపు డ్యూటీకి నేనే పోత. నువ్వు గోల్‌ల నిలవడు."

వేళాకోళం కాదు, నిజంగానే అన్నాడు. ఆ మాట కోసం నేను రెండేళ్లుగా ఎదురుచూస్తున్నాను. నోట్లోకి వచ్చిన జవాబు మింగేసి, డ్యూటీకి నేనే పోతానని చెప్పాను. మంచితనంతో అనలేదు, ఆ బెల్టు దగ్గర నిలబడ్డాక వేరేలా అనలేకపోయాను.

మర్నాడు సాయంత్రం చాయ్ టైముకి అతను జెర్సీ మీదే కంపెనీ గేటు దగ్గరికి వచ్చాడు. ఒకటి సున్నాతో గెలిచామన్నాడు. నేను ఎగిరి కౌగిలించుకోబోతే ఎడమ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. దానికి చేతిరుమాలు చుట్టి ఉంది. మొదటి సగంలోనే అవతలి ఫార్వర్డ్ బూటు ఉంగరం వేలి మీద పడిందట. బయటికి రమ్మని సార్ పిలిచినా రాలేదట, ఎవరిని నిలబెడతారని. విరిగిన వేలితో మిగతా ఆటంతా ఆడాడు. ఆఖర్లో దగ్గర నుంచి కొట్టిన బంతిని పిడికిలితో బయటికి గుద్దేస్తే సరిపోయేది, అతను రెండు చేతులా పట్టుకున్నాడు. ఆ సంగతి తర్వాత మా కెప్టెన్ చెప్పాడు.

పెద్దావిడ అతన్ని లోపలికి లాక్కుపోయి, అట్టముక్క చింపి వేలికి ఆనించి, ప్యాకింగ్ టేపుతో కట్టింది. దవాఖానకు పొమ్మని తిట్టింది. అక్కడ డాక్టర్ నాలుగు వారాలు చెయ్యి కదపొద్దన్నాడు. యూనివర్సిటీ సెలెక్షన్ అయిదు వారాల్లో ఉంది. ఆ నాలుగు వారాలూ అతని జాగాలో నేనే నిలబడ్డాను. ఒక్క సీసా కూడా పగలలేదు.

అయిదో వారం అతను వెళ్లి ఆడాడు. జాబితా అంటించిన రోజు ఇద్దరం కలిసి చూడటానికి వెళ్లాం. కీపర్ల వరసలో మొదటి పేరు అతనిదే. ఇంక దాచలేక చెప్పేశాను, సీజన్ మొత్తం అతనికి దెబ్బ తగలాలని నేను మొక్కుకున్నానని, కాలు కూడా కాదు, చేతి వేలే కోరుకున్నానని.

అతను జాబితా మీంచి చూపు తిప్పలేదు.

"ఎరికే. బయట కూసున్నోడు ఇంక దేనికి మొక్కుకుంటడు?"

నేను అక్కడే, అంతమంది ముందు ఏడ్చాను. అతనికి మొదటి నుంచీ తెలుసు. తెలిసి కూడా ప్రతి మ్యాచ్‌కీ తన ఇంటి తిండిని నా చేతుల్లో పెట్టి, ఆడటానికి వెళ్లాడు.