ఖాళీ చద్దర్ మీద పేరు

దయ్యాల కథ ఎవరైనా మొదలుపెడితే మధ్యలోనే లేచి వెళ్లిపోయే మనిషిని నేను. సోలాపూర్‌లో మేముండే వరస ఇళ్ల చాళ్ వెనక పవర్‌లూమ్ షెడ్డు ఉండేది. అందులో ఒక మగ్గం మనిషి లేకుండా తనంతట తానే ఆడుతుందని చిన్నప్పుడు అందరూ చెప్పుకునేవారు. వెళ్లి చూశాను. కరెంటు పోగానే స్విచ్చి ఆపకుండా ఇంటికి పోయే బద్ధకస్తుడు ఒకడు అక్కడ పనిచేసేవాడు. కరెంటు వస్తే మగ్గం ఆడక ఏం చేస్తుంది? ఈ మాట చెప్పినందుకు మా చాళ్ ఆడవాళ్లు నన్ను 'తెలివిగల్ల పోరి' అనడం మొదలుపెట్టారు. అది మెచ్చుకోలనుకుంటే పొరపాటే.

అందుకే ఇప్పుడు రాస్తున్నది నమ్మమని ఎవరినీ బలవంతపెట్టను. నా కళ్లతో చూసింది, నా చెవులతో విన్నది మాత్రమే రాస్తాను.

మా నాన్న జకార్డు మగ్గానికి పేర్లు గీసేవాడు, నేసేవాడు. గళ్ల కాగితం మీద ఒక్కో గడి ఒక్కో పోగు. గళ్లలో రంగు నింపి అక్షరం తయారు చేసి, దాన్నిబట్టి అట్టలకు రంధ్రాలు కొట్టి మగ్గం ఎక్కిస్తే తువ్వాల మీద పేరు దిగేది. పెళ్లిళ్లకీ సన్మానాలకీ అలా పేర్లు నేయించుకునేవారు. ఎక్కువగా మరాఠీ, ఇంగ్లీషు పేర్లు ఉండేవి. మన తెలంగాణ వాళ్లు అడిగితే తెలుగులో గీసేవాడు.

తెలుగు అక్షరాలతో ఆయనకు ఎప్పుడూ పేచీయే. పేరు పట్టీ సన్నగా ఉంటుంది కాబట్టి కింద ఒత్తు పెట్టడానికి చోటుండదు. అందుకని నాన్న ఒత్తును అక్షరం పక్కన, సగం ఎత్తులో నిలబెట్టేవాడు. తప్పు అని మా బడి పంతులు ఒకసారి చెప్పాడు. "మీరొచ్చి నేసి సూపియ్యుండ్రి సార్" అన్నాడట నాన్న. అలా గీసేవాడు ఈ ఊళ్లో ఇంకొకడు నాకు కనపడలేదు.

మగ్గం వెడల్పుకి రెండు తువ్వాళ్లు పక్కపక్కన దిగుతాయి. ఒకటే కావాలన్నవాడి పేరు కూడా రెండుసార్లు పడుతుంది. మిగిలిన రెండోది మా ఇంటికి వచ్చేది. అలా మేము ఊళ్లో వాళ్ల పేర్లతో ఒళ్లు తుడుచుకుని పెరిగాం. నేను పదో తరగతి పరీక్షలకి వెళ్లిన రోజు తల తుడుచుకున్నది ఎవరో కార్పొరేటర్ పేరుతో.

ఇంటర్నెట్ మా ఊరికి కొత్తగా వచ్చిన రోజుల్లో, అంటే తొంభైల చివర్లో, నేను కంప్యూటర్ క్లాసులు చెప్పేదాన్ని. నాతో కాలేజీలో చదువుకున్న శ్రీనివాస్ అశోక్ చౌక్ దగ్గర మూడు కంప్యూటర్లతో సైబర్ కేఫ్ పెట్టాడు. ఇద్దరం కలిసి నవ్వులాటకి ఒక వెబ్‌సైట్ తయారుచేశాం. పేరు 'నవ్వుల మగ్గం'. అందులో ఎవరైనా ఉచితంగా బొమ్మలు చేసుకోవచ్చు. మీ పేరు కొడితే మీ పేరుతో బీడీకట్ట లేబుల్ వస్తుంది. మీ వీధి పేరు కొడితే 'మీకు నీళ్లు వచ్చే రోజు' అని బోర్డు వస్తుంది, ఏ వీధి కొట్టినా 'వచ్చే జన్మలో' అనే ఉంటుంది. సోలాపూర్ వాళ్లకి ఆ జోకు వివరించక్కర్లేదు.

అన్నిటికంటే ఎక్కువ నడిచింది చద్దర్ బొమ్మ. మీరు ఏ మాట కొట్టినా అది సోలాపూర్ చద్దర్ దుప్పటి మీద నేసినట్టు కనిపిస్తుంది. పుణె ఆఫీసుల్లో కుర్రాళ్లు తమ బాసుల పేర్లకి గాడిద తగిలించి చద్దర్లు చేసుకుని పంపుకునేవారు. అందులో పెద్ద కిటుకేమీ లేదు. నాన్న గీసిన ఇంగ్లీషు అక్షరాల గళ్ల కాగితాలు స్కాన్ చేసి, ఒక్కో అక్షరాన్ని ఒక్కో బొమ్మగా పెట్టాను. మీరు కొట్టిన అక్షరాలను ప్రోగ్రామ్ వరసగా పేరుస్తుంది. ఏమీ కొట్టకుండా బటన్ నొక్కితే ఖాళీ చద్దర్ వస్తుంది. ఇంగ్లీషు అక్షరాలు తప్ప ఆ సైట్‌లో మరే అక్షరమూ లేదు. ఇది గుర్తుంచుకోవాలి.

ఆ సైట్ పెట్టిన కొన్నాళ్లకే నాన్నకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పోయింది, మాట పోయింది. పక్షవాతం మళ్లీ వస్తే బతకడం కష్టమని డాక్టర్ చెప్పాడు.

అమ్మ ఏడవలేదు. బీడీల చాట ఒళ్లో పెట్టుకుని నాన్న మంచం పక్కన కూర్చుని, ఆకు చుడుతూ ఏవేవో పేర్లు చదవడం మొదలుపెట్టింది. "లచ్చుమా? సరోజనా? విజయనా?" ప్రతి పేరుకీ ఆగి ఆయన మొహం చూసేది. నాన్న గోడవైపు తిరిగేవాడు. అమ్మకి మతి చలించిందేమోనని భయపడి నిలదీస్తే, అప్పుడు చెప్పింది.

నాకంటే ముందు ఒక ఆడపిల్ల పుట్టింది. మా ఇంట్లో బిడ్డ పేరు తండ్రి అనుకుంటాడు. తొట్టెల్లో వేసి చెవిలో చెప్పేదాకా ఆ పేరు తల్లికి కూడా తెలియకూడదు. ఆ సంబరంలో నాన్న ఆగలేకపోయాడు. తొట్టెల్లో వేయకముందే బిడ్డ పేరు మగ్గం ఎక్కించి చిన్న తువ్వాల నేశాడు. చెవిలో పడని పేరు మగ్గం ఎక్కకూడదని నేతవాళ్లలో పట్టింపు ఉంది. తువ్వాల మగ్గం దిగింది, బిడ్డకి జ్వరం వచ్చింది, పోయింది. ఎప్పటిలాగే రెండు దిగాయి కదా, రెండూ బిడ్డతోపాటే మట్టిలో పెట్టాడు. అమ్మ బాలింత, లోపలి గదిలో ఉంది. ఆమె వాటిని చూడనేలేదు.

తర్వాత ఎన్నిసార్లు అడిగినా నాన్న చెప్పలేదు. "పేరు లేని బిడ్డ దాని తొవ్వల అది పోతది. పిలిస్తె ఆగుతది" అనేవాడట.

"పెత్రమాసకు పోయిన మీ తాతకు పేరు పెట్టి బువ్వ పెడ్త, మీ నాయినమ్మకు పెడ్త. గా పిల్లను ఏమని పిలవాలె?" అంది అమ్మ నాతో. "ఆయన పోతె ఆయనతోటే పోతది గా పేరు. ఇగ ఎవ్వలను అడగాలె నేను?"

నాకు నాన్న మీద పట్టరాని కోపం వచ్చింది. ఎముకల గూడులా పడి ఉన్న మనిషి మీద కోపం తెచ్చుకోవడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది.

ఆ రోజుల్లోనే కొల్హాపూర్ నుంచి ఎవరో మాకు ఈమెయిల్ రాశారు. ఏమీ కొట్టకుండా బటన్ నొక్కితే చద్దర్ మీద గుండ్రటి లిపిలో ఏదో వచ్చిందనీ, జోక్ బాగుంది కానీ అర్థం కాలేదనీ దాని సారాంశం. మేము నొక్కి చూస్తే ఖాళీ చద్దరే వచ్చింది. మమ్మల్నే ఆటపట్టిస్తున్నాడనుకుని నవ్వుకున్నాం. తర్వాత నాసిక్ నుంచి ఒకమ్మాయి ఇంచుమించు అదే రాసింది. వీళ్లిద్దరికీ ఒకరితో ఒకరికి పరిచయం లేదు. శ్రీనివాస్ ఫైళ్లన్నీ తెరిచి చూశాడు, నేను ప్రోగ్రామ్ వరస వరసా చదివాను. ఏ తేడా లేదు. వదిలేశాం.

అమ్మ ఎప్పుడూ కేఫ్‌కి వచ్చేది కాదు. ఒక రోజు పొద్దున బీడీలు అప్పగించి తిరిగి వస్తూ, నేను మరిచిపోయిన అన్నం డబ్బా ఇవ్వడానికి వచ్చింది. ఎండ మండిపోతోంది. కూర్చోబెట్టి నీళ్లిచ్చాం. శ్రీనివాస్‌కి హుషారెక్కువ.

"కాకూ, మీ రేణుక ఏం పని చేస్తదో చూస్తరా? గిదో, మీ పేరు కొట్టుండ్రి, చద్దర్ నేసిస్త" అన్నాడు.

"నాకేమొస్తది నాయినా ఇంగ్లీషు" అంది అమ్మ. ఆమె పొగాకు మరకల వేలు మౌస్ మీద పెట్టి చూపించాడు. "గిది నొక్కాల్నా?" అని అమ్మ నొక్కేసింది. ఏమీ కొట్టలేదు. నేను పక్కనే నిలబడి ఉన్నాను, నేను చూశాను.

ఆ రోజుల్లో బొమ్మ పైనుంచి కిందికి మెల్లగా దిగేది. చద్దర్ పై అంచు దిగింది. తర్వాత పేరు పట్టీ. అందులో తెలుగు అక్షరాలు ఉన్నాయి. గళ్లు గళ్లుగా, అంచులు మెట్లుమెట్లుగా, మగ్గం మీంచి అప్పుడే దిగినట్టు.

అమ్మ తెలుగు బడిలో నాలుగో తరగతిదాకా చదివింది. వేలు తెర మీద పెట్టి కూడబలుక్కుంటూ చదివింది. "క... స్తూ... రి."

రెండో అక్షరంలో ఒత్తు కింద లేదు. పక్కన, సగం ఎత్తులో నిలబడి ఉంది.

అమ్మ చెయ్యి తెర మీదే ఉండిపోయింది. "మీ నాయిన గీసిండు గిది" అంది నెమ్మదిగా. శ్రీనివాస్‌ది మరాఠీ బడి, తెలుగు చదవడం రాదు. కానీ ఆ మూడు ఆకారాలూ వాడూ చూశాడు, ఇప్పుడడిగినా చెబుతాడు. "ఆయ్‌లా, హే కాయ్?" అన్నాడు, ఇదేంటని. వాడు నన్నూ నేను వాణ్ణీ అనుమానించాం.

అప్పుడు నేనొక పిచ్చిపని చేశాను. తెర మీద ఏదైనా తేడాగా కనిపిస్తే చెయ్యి దానంతటదే రీలోడ్ కొట్టేస్తుంది, మా వృత్తిలో అందరికీ ఉన్న జబ్బే. కొట్టాను. చద్దర్ మళ్లీ దిగింది. ఖాళీగా. ఆ తర్వాత ఎన్నిసార్లు నొక్కినా, అమ్మతో నొక్కించినా ఖాళీయే. ఒక్క కాగితం మీదైనా అచ్చు తీసుకోలేకపోయాను.

నాన్న తెలుగు గళ్ల కాగితాలు నేను కంప్యూటర్‌కి ఎక్కించలేదు. ఎక్కించడానికి లేవు కూడా. ఇల్లు మారినప్పుడే చిత్తుకాగితాల్లో పోయాయి. ఆ పేరు నాకు తెలియదు, శ్రీనివాస్‌కి తెలియదు. తెలిసిన ఒక్క మనిషి మాట లేక మంచం మీద ఉన్నాడు.

అమ్మ బీడీల ఖాళీ గంప చంకన పెట్టుకుని, ఆటో ఎక్కుదామన్నా వినకుండా ఇంటిదాకా నడిచింది. వెళ్లి నాన్న మంచం పక్కన నేల మీద కూర్చుంది.

"కస్తూరి. గదే గదా?"

నాన్న గోడవైపు తిరగలేదు. అమ్మనే చూశాడు. అవునన్నట్టు తల ఊపాడు. కళ్లనీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి, ఒక చెంప మాత్రమే వణుకుతోంది. అమ్మ కొంగుతో తుడిచింది.

"నువ్వు నేసినందుకు పోలేదయ్యా. జరమొచ్చి పోయింది. గిన్నేండ్లు గిదే పెట్టుకున్నవా మనసుల?"

నేను నిలబడలేక వంటింట్లోకి వెళ్లిపోయాను. అంత ఏడుపు నాకు అంతకుముందు ఎప్పుడూ రాలేదు.

దీపాలు పెట్టే వేళకి జొన్న భాకరి రొట్టెలు కాలుస్తున్నాను. అమ్మ గొంతు వినిపించింది. "ఒక్కపారి పిలుస్త. ఒక్కపారే." తల తిప్పి చూస్తే నాన్న పనిచేసే ఎడమచేత్తో అమ్మ మణికట్టు పట్టుకుని వద్దు వద్దు అని తల ఊపుతున్నాడు. అమ్మ మెల్లగా చెయ్యి విడిపించుకుని వెళ్లి గడపలో నిలబడింది. చాళ్‌లో అందరూ పిల్లల్ని ఇళ్లలోకి పిలుచుకునే వేళ అది. ఆమె కూడా అలాగే పిలిచింది.

"కస్తూరీ! ఓ కస్తూరీ! పొద్దుగూకింది, రా బిడ్డా!"

"వస్తున్ననే అవ్వా!"

ఆ జవాబు నా నోట్లోంచి వచ్చింది. పలకాలని నేను అనుకోలేదు. నోరు తెరిచినట్టు కూడా తెలియలేదు, విన్నాకే తెలిసింది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి నేను ఆమెని 'అమ్మా' అనే పిలిచాను. మా పాతకాలం వాళ్లు తల్లిని పిలిచే 'అవ్వా' అన్న మాట నా నోట ఒక్కసారి కూడా రాలేదు. ఆ గొంతులో బెరుకు లేదు, ఏడ్చి ఏడ్చి ఉన్న నా గొంతు అది కాదు. పెనం మీద భాకరి మాడుతున్న వాసన వస్తున్నా చెయ్యి కదపలేకపోయాను. చాలా భయపడ్డాను.

దీన్ని నేను ఎన్నో రకాలుగా సర్దిచెప్పుకున్నాను. పొద్దున విన్న పేరే కాబట్టి, మనసు కలత పడి ఉంది కాబట్టి పలికి ఉంటానని అనుకున్నాను. ఆ మాట ఒప్పుకున్నా తెర మీద అక్షరాలు మిగిలిపోతాయి. ఆ సైట్ తర్వాత మూసేశాం, అప్పటిదాకా మళ్లీ ఎవరూ అలాంటి ఈమెయిల్ రాయలేదు. కారణం ఉంటే చెప్పమని నాకంటే బాగా కంప్యూటర్లు తెలిసినవాళ్లని అడిగాను. వాళ్లూ చెప్పలేకపోయారు.

ఆ సాయంత్రం అమ్మ గడప దగ్గర్నుంచి లోపలికి వచ్చి నా మొహంలోకి చూసింది. భయపడలేదు. నా చేతిలోని అట్లకాడ తీసి పక్కన పెట్టి, నన్ను పీట మీద కూర్చోబెట్టింది. "గింత ఆల్శెమా బిడ్డా" అంటూ భాకరి తుంచి, పప్పులో అద్ది, నోట్లో పెట్టింది. మంచం మీంచి నాన్న చూస్తూనే ఉన్నాడు.

ఆ పూట అమ్మ నన్ను రేణుక అని పిలవలేదు. నేనూ దిద్దలేదు.