లారీ టైర్ల ట్రాక్టరు

మా ఊళ్లో మొదటి ట్రాక్టరు కొన్నది మా బాపు. ఆ ట్రాక్టరును ఎడ్లతో లాగించుకుంటూ చక్కెర కార్ఖానాకు తీసుకెళ్లిన మొదటివాణ్ణి నేను. రెండో ఘనత పూర్తిగా నా స్వయంకృషి. డెబ్బయిల్లో బోధన్ చుట్టుపక్కల చెరుకు వేసినవాళ్లెవరైనా ఇది చదువుతుంటే, మిగతా వివరాలు దయచేసి మా పిల్లలకు చెప్పకండి.

మా ట్రాక్టరు పొలంలో కంటే సడక్ మీదే ఎక్కువ కనిపించేది. సినిమాకు అదే, పెళ్లిళ్లకు అదే, కంఠేశ్వర్‌లోని మా అత్తగారింటికీ అదే. కొత్తగా పెళ్లయినవాణ్ణి కదా, మా ఆవిడ సులోచనను మడ్‌గార్డు మీద కూర్చోబెట్టుకుని మహారాజులా తోలేవాణ్ణి. వెనక టైర్లకుండే ఎత్తైన రబ్బరు గట్లు తారురోడ్డు మీద దడదడలాడేవి. ఓసారి దిగుతూనే ఆమె దవడ పట్టుకుంది.

"గీ బండి మీద ఇంకోసారి తోల్కపోతే పండ్లు చేతుల వట్టుకొని దిగుత. మా అక్కోళ్ల స్కూటరు ఎంత మెత్తగ పోతది!"

తోడల్లుడి స్కూటరుతో పోలికా! నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. టైర్లు ఎలాగూ అరిగాయి. వాటికి కొత్త రబ్బరు ఎక్కించాలని నిజామాబాద్ పోయాను. దుకాణం సేటు రెండు రకాల అచ్చులు చూపించాడు. ఒకటి ఎత్తు గట్లది. రెండోది లారీలకు వేసే సన్నగీతలది, నిమిరితే పట్టుబట్టలా ఉంది.

"పొలం పనా, సడక్ పనా?" అన్నాడు సేటు.

"రెండూ."

"అయితే గట్లదే ఏస్కో. బురదల గదే పట్టు ఇస్తది."

"మాది నిజాంసాగర్ కాలువ కింది భూమి సేటూ. బంగారం! బురద గిరద అనకు."

లారీ అచ్చే వేయించాను. దూరపు కొండలు నునుపంటారు; నా టైర్లు దగ్గరికొచ్చి చూసినా నునుపే. సులోచన మెచ్చుకుంది. ఇంట గెలిచాను, ఇక రచ్చ ఎంతలే అనుకున్నాను.

ఇంతలో చెరుకు కొట్టుకోమని కార్ఖానా కబురొచ్చింది. కొట్టిన చెరుకు చెప్పిన రోజే కాంటా ఎక్కాలి. లేదంటే మన వంతు పోతుంది, ఏడాది పంట గట్టు మీద ఎండి కట్టెలవుతుంది. ముందురోజే కాలువ నీళ్లు పొలంలోకి పారాయి. ట్రాలీ నిండా చెరుకు ఎక్కించి, తలకు రుమాలు చుట్టి, గేరు వేశాను. ఇంజను గర్జించింది, చక్రాలు గిర్రున తిరిగాయి, ట్రాక్టరు మాత్రం ఉన్నచోటే ఉంది.

"ఏమైందిరా?" గట్టు మీంచి బాపు అరిచాడు.

"ఇంజను వేడెక్కాలె బాపూ!"

"వేడెక్కుడు కాదురా, దిగవడుతున్నది. కిందికి సూడు!"

చూస్తే వెనక చక్రాలు ఇరుసు దాకా బురదలో ఉన్నాయి. పరువు కోసం ఇంకా గట్టిగా తొక్కాను. క్లచ్చు మాడి వాసనొచ్చింది, ఇక గట్టెక్కినా బండి తనంతట తాను నడవదు. ట్రాలీని విప్పుదామంటే దానికి రెండే చక్రాలు, ట్రాక్టరు ఆసరా లేకపోతే బోర్లా పడుతుంది. కార్ఖానా దాకా రెండింటినీ కలిపి లాగక తప్పదు.

బాపు మా ఎడ్లను కట్టాడు. పక్క పొలం గంగన్న తన ఎడ్లను తెచ్చాడు. ఊరంతా వెనక నుంచి నెట్టింది.

"నువ్వు స్టీరింగ్ వట్టుకొని కూసో. గంత పనన్న జెయ్యి," అన్నాడు బాపు.

"అన్నా, హారన్ మాత్రం గొట్టకు. ఎడ్లు బెదుర్తయి," అన్నాడు గంగన్న.

సిగ్గుతో చచ్చిపోతూ బోధన్ దాకా తల వంచుకునే స్టీరింగ్ తిప్పాను. కార్ఖానా దగ్గర ట్రాక్టర్లకో వరుస, ఎడ్లబండ్లకో వరుస. ట్రాక్టర్ల వరుస చకచకా కదులుతోంది. దర్జాగా అటు తిప్పాను. గేటుమనిషి కర్ర అడ్డం పెట్టాడు.

"ఏడికి?"

"ట్రాక్టర్ల లైనుకు. కనిపిస్తలేదా?"

"గుంజుతున్నది ఏంది?"

"...ఎడ్లు."

"మరి గా లైన్ల నిలవడు."

పొద్దు గూకుతుండగా మా చెరుకు కాంటా ఎక్కింది, పంట దక్కింది. అప్పటిదాకా నా ముందు బండివాడు వెనక్కి తిరిగి తిరిగి చూస్తూనే ఉన్నాడు. చివరికి ఉండబట్టలేక ఎంతో మర్యాదగా అడిగాడు.

"కొత్త మోడలా పటేలా? ఎడ్లు బండితోనే ఇస్తరా, వేరేగ కొనుక్కోవాల్నా?"

ఆ క్షణమే, కాంటా సాక్షిగా, నిలువెల్లా బురదతో ప్రమాణం చేశాను: ఈ జన్మలో టైరును చేత్తో నిమిరి ఎంచుకోను. ముందు చెప్పులు విప్పి మా పొలంలో నిలబడతాను. నా కాలు ఎంత లోతు దిగితే అంత ఎత్తు గట్లే వేయిస్తాను.