ఇటలీకి గ్రానైట్ ఫోటో, గరగరలాడే లైన్

1999 వానాకాలం. ఖమ్మం బస్టాండు దగ్గర నా ఎస్టీడీ బూత్‌లోనే ఒక కంప్యూటర్ పెట్టి ఇంటర్నెట్ సెంటర్ నడుపుతున్నాను. అమెరికాలో పరిశోధకులు తమ కంప్యూటర్లను కలుపుకోవడానికి మొదలుపెట్టిన ఏర్పాటే ఇంటర్నెట్ అనీ, పేజీలు చూపించే వెబ్ చాలా ఏళ్ల తర్వాత యూరప్‌లో పుట్టిందనీ చార్టు రాసి గోడకు అంటించాను. ఒక్కరు తప్ప ఎవరూ చదవలేదు.

ఆ ఒక్కరు యశోదమ్మ గారు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. ముదిగొండ రోడ్డులో గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ నడిపేవారు. ఆమె రాయి చెన్నై ఏజెంటు చేతుల మీదుగానే విదేశాలకు పోయేది. కొనేదెవరో ఆమెకు తెలియనిచ్చేవాడు కాదు. "నెట్‌లో మధ్యవాళ్లతో పని లేదమ్మా" అని నేనే చెప్పాను. ఆమె వెతికి వెతికి, ఇటలీలో ఒక కంపెనీకి నేరుగా ఈ-మెయిల్ రాశారు. జవాబొచ్చింది: పాలిష్ చేసిన పలక ఫోటో శుక్రవారం సాయంత్రంలోగా పంపండి, లేదంటే ఆర్డర్ ఎప్పటిలా చెన్నై ఏజెంటుకే ఇస్తాం.

ఫోటో స్కాన్ చేశాం. పంపితే సగంలో లైన్ తెగింది. మళ్లీ పంపితే మళ్లీ తెగింది. మోడెమ్ అంటే కంప్యూటర్ సమాచారాన్ని ఫోన్ తీగ మీద పోయే చప్పుళ్లుగా మార్చే పెట్టె. తీగలో వేరే చప్పుడు ఉంటే అది తట్టుకోలేదు.

"సగం పోయిన ఫోటో సగమైనా కనపడదాండీ?" అన్నారామె.

"కనపడదమ్మా. మొత్తం పోవాలి, లేకుంటే పోనట్టే."

"అయితే మళ్లీ నొక్కండి. ఆ చెన్నై ఆయనకు సంగతి ఎలాగో తెలిసిపోయింది, నిన్న ఫోన్ చేసి ఏమన్నాడో తెలుసా? మీ ఊరికి లారీలే సరిగా రావు, ఫోటోలు పోతాయా మేడం, అన్నాడు."

వానలు మొదలైనప్పటి నుంచీ నేను ఫిర్యాదు చేస్తూనే ఉన్నాను. "భద్రాచలం అడవుల పక్క ఊరికి ఈ లైన్ చాలదా?" అన్నాడు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఒక ఆఫీసరు. ఆ రోజు ఆయన తొడుక్కున్న చొక్కా రంగు కూడా నాకు గుర్తుంది. లైన్‌మన్ వచ్చేవాడు, తన ఫోన్ తగిలించి ఎక్స్ఛేంజీకి "హలో, హలో" అనేవాడు. అవతలి మాట వినపడితే "లైన్ ఓకే" అని రాసి వెళ్లిపోయేవాడు. వాళ్ల పరీక్ష అదే.

శుక్రవారం మధ్యాహ్నం ఎక్స్ఛేంజీ మెట్ల మీద కూర్చుని, ఆ లైన్‌మన్ సమ్మయ్యను బూత్‌కు పట్టుకొచ్చాను. ఇల్లెందు బొగ్గు గని కార్మికుడి కొడుకు.

"ఏంది సార్, మల్లా పిలిచినవ్? నీకు లైన్ గాదు, నాతోని ముచ్చట గావాలె" అన్నాడు. తన పద్ధతిలో హలో అన్నాడు. "మంచిగనే ఇనపడ్తున్నది గదా!"

"సమ్మయ్యా, ఒక్క అంకె నొక్కు. ఏం మాట్లాడకు. ఊకె ఇను."

"గట్ల ఇంటే ఏమొస్తది?"

అంకె నొక్కగానే డయల్ టోన్ ఆగిపోతుంది. మిగిలేది ఖాళీ తీగ. సమ్మయ్య విన్నాడు. నవ్వు పోయింది. "అరె... నూనెల మిరపకాయలు ఏగుతున్నట్టున్నది."

"నువ్వు మాట్లాడితే గది నీ గొంతు కింద దాక్కుంటది. మనిషి చెవి సర్దుకుంటది. మోడెమ్ సర్దుకోదు."

"బాబూ, ఇవాళ దాటితే నేను మళ్లీ ఆ ఏజెంటు గుమ్మం ముందే నిలబడాలి" అన్నారు యశోదమ్మ గారు.

"గంత మాటెందుకమ్మా, జల్దీ జూస్త."

తుంపరలోనే స్తంభం ఎక్కాడు. పైన డబ్బాలో తీగల జాయింట్ తడికి పచ్చగా చిలుమెక్కి ఉంది. కోసి, కొత్తగా కలిపి, టేపు చుట్టాడు. ఫోటో మళ్లీ బయలుదేరింది. ఈసారి ఆగలేదు. చీకటి పడకముందే ఇటలీ నుంచి కబురొచ్చింది: రాయి నచ్చింది, ధర చెప్పండి.

"లారీ ఎక్కకుండనే పోయిందా రాయి!" అన్నాడు సమ్మయ్య. యశోదమ్మ గారు పమిట చెంగుతో కళ్లు ఒత్తుకున్నారు. ఎక్స్ఛేంజీలో మాత్రం 'లోపం కస్టమర్ మోడెమ్‌లో' అని రాసుకున్నారు. దాని మీద నేను పంపిన అభ్యంతరానికి ఇప్పటికీ జవాబు లేదు.

లోపం ఉందని నేను అరిచినంత కాలం వాళ్లు విన్నది నా అరుపునే. లోపాన్ని వాళ్ల చెవికే అందించాలని ఆ శుక్రవారం నేర్పింది. ఇంకొకటి కూడా నేర్పింది. దసరా వెళ్లాక యశోదమ్మ గారు యూనిట్లోనే సొంత కంప్యూటర్, సొంత కనెక్షన్ పెట్టుకున్నారు. నా సెంటర్‌కు రావడం మానేశారు. ఒక మాట కూడా చెప్పలేదు. నెట్‌లో పని లేదని నేనే చెప్పిన ఆ మధ్యవాళ్లలో నేనూ ఒకణ్నని అప్పుడు తెలిసింది. కోపం వచ్చింది. ఎవరి మీద ఫిర్యాదు రాయాలో మాత్రం తెలియలేదు.