ఇంగ్లండు అద్దం, ఎడమ భుజం

సికింద్రాబాద్‌లో ఉదయం ఏడుంబావుకి బండెక్కాను. భుజానికి సంచి, చేతుల్లో బొంతలో చుట్టిన మూడడుగుల అద్దం. వరంగల్ వైపు పొద్దుటి బండ్లలో సీటు ఈజీగా దొరుకుతుందని ఎవరో చెప్తే నమ్మాను. మీరు నమ్మకండి. ఆలేరు దాకా తలుపు దగ్గరే నిలబడ్డాను. బయట మంచులో పత్తిచేలు తెల్లగా, నెమ్మదిగా వెనక్కి జారిపోతున్నాయి. నిద్రలో ఉన్నానో మెలకువగా ఉన్నానో నాకే తెలియలేదు.

అల్వాల్‌లో మాది చిన్న టైలరింగ్ షాపు. ఆ అద్దం మా తాతది. బొల్లారం బంగళాల్లో తెల్లదొరలకు బట్టలు కుట్టేవాడు. వాళ్లు దేశం వదిలి వెళ్తూ ఆయనకిచ్చి వెళ్లారు. ఎర్రచెక్క చట్రం, వెనక ఏదో ఇంగ్లండు ఊరి పేరున్న చిరిగిన కాగితం. తాత తర్వాత అమ్మ, అమ్మ తర్వాత నేను, అందరం ఆ అద్దం ముందే కొలతలు చూశాం. ఈమధ్య గాజు వెనక పూత ఊడి నల్లమచ్చలు పడ్డాయి. వచ్చినవాళ్లు అద్దాన్ని వదిలేసి ఫోన్లలో చూసుకోవడం మొదలుపెట్టారు. చట్రం ఉంచుకుని గాజు మార్చెయ్యమన్నారు అందరూ. నాకు మనసొప్పలేదు. అమ్మ పోయి మూడేళ్లయింది. నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఆమె నన్ను చూసి నవ్వింది ఆ గాజులోనే. పాత గాజుకే కొత్త పూత వేసేవాళ్లు వరంగల్‌లో ఉన్నారని విని బయల్దేరాను.

జనగామలో సీటు దొరికింది. పక్కన పరకాల వెళ్లే ఆవిడ బొంతను తడిమి చూసి, "టీవీనా అక్కా?" అంది. అద్దమన్నాను. బాగుచేయించడానికి ఇంత దూరమా, మీ పట్నంలో అద్దాలు కరువా అని నవ్వి, సగం జామకాయ చేతిలో పెట్టింది. జామకాయ తిన్నాను.

పది కావస్తుండగా వరంగల్‌లో దిగాను. స్టేషన్ బయట ఇడ్లీ తిని ఆటో మాట్లాడుకున్నాను. మండీ బజార్ వెనక సందులో, "అద్దాల చాచా" అని అడిగితే ఇల్లు చూపిస్తారు. గఫూర్ చాచాకు డెబ్బై దాటి ఉంటాయి. చేతులు వణుకుతున్నాయి కాబట్టి ఇప్పుడు గాజుకు పూత పోసే పని కూతురు షాహీన్‌ది, చూపు ఆయనది. పని ముట్టేముందు ఆయన ఒక తిన్నని చెక్క బద్దను అద్దానికి అడ్డంగా పట్టి, పైనుంచి కిందికి జరుపుతారు. గాజులో పుట్టుకతో ఉన్న వంకరలన్నీ ముందే చూపిస్తే, తర్వాత పనిమీద నింద రాదని ఆయన పద్ధతి.

బద్ద సగం దాకా తిన్నగానే దిగింది. అక్కడ అద్దంలోని బద్దకు ఎడమవైపు కొస కిందికి వాలింది.

"గీడ చూడు బిడ్డా," అన్నారు చాచా. "వంగింది కట్టె గాదు, గాజు."

సరిగ్గా మనిషి భుజం కనబడే చోటు అది. ఆడవాళ్లు బిడ్డను ఎడమ చంకన ఎత్తుకుంటారు, అందుకే ఆ భుజం జారుతుందని అమ్మ అనేది. జాకెట్టు ఎవరిదైనా ఎడమ భుజం కుట్టు పావంగుళం ఎత్తి వేసేది. నాకూ అదే నేర్పింది. పెళ్లికాని పిల్లలకూ అలాగే వేశాం. మా షాపులో అద్దానికి ఎదురుగా ఎప్పుడూ పూల పరదానే. తిన్నని గీత అనేది దాని ముందు ఏనాడూ నిలబడలేదు, వంకర బయటపడలేదు. అల్వాల్ ఆడవాళ్ల భుజాలన్నీ ఒక ఇంగ్లండు గాజు చెప్పినట్టు కుట్టామన్నమాట. నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. అమ్మ చేసింది తప్పని ఒప్పుకోవడం నా వల్ల కాలేదు.

చాచా బద్ద పక్కన పెట్టారు. "కొత్త గాజేస్తే సీదాగ కనవడ్తది. పాతదుంచితే వంకర గూడ ఉంటది. మచ్చలొక్కటే పోతయ్. ముందుగాల చెప్పు, ఏది చెయ్యమంటవ్?"

షాహీన్ ఇచ్చిన చాయ్ చల్లారిపోయేదాకా ఆలోచించాను. పాతదే ఉంచమన్నాను.

మధ్యాహ్నం వాళ్లింట్లోనే పుల్లటి ఖట్టీ దాల్‌తో అన్నం పెట్టారు. పాత పూత కడిగేశాక గాజు వట్టి కిటికీలా మిగిలింది. అమ్మ కూడా ఆ నీళ్లతోపాటు వెళ్లిపోయినట్టే అనిపించి, కాసేపు అటు చూడలేకపోయాను. వెండి కలిపిన నీళ్లు షాహీన్ గాజు వీపు మీద పోసింది. అవి డికాక్షన్‌లా నల్లబడి, ఉన్నట్టుండి లోపల్నుంచి వెలుగు తేలింది. పెరటి ఆకాశం, ఒక మబ్బు అందులోకి దిగాయి. షాహీన్ పక్కకు తిరిగి నిలబడి, ఓరచూపుతో రంగు మాత్రమే చూస్తోంది. ఎందుకని అడిగాను.

"మా పెండ్లిళ్లల్ల పిల్లా పిలగాడు ఒకరినొకరు ఫస్టు అద్దంలనే చూసుకుంటరు గదా అక్కా. కొత్త పూతల ముందుగాల పడాల్సింది సొంతదారు మొఖం, మాది కాదు."

పూత వెనక వేసిన రంగు ఆరడానికి ఒక రాత్రి కావాలన్నారు. స్టేషన్ ఎదుట లాడ్జిలో దిగాను. గది శుభ్రం, దుప్పటి పలచన. మర్నాడు తొమ్మిదింటికి చాచా అద్దాన్ని గోడకు ఆనించి, నన్ను నిలబెట్టి, గుడ్డ నన్నే తీయమన్నారు. తండ్రీ కూతుళ్లిద్దరూ గుమ్మం బయటికి వెళ్లిపోయారు. తీశాను. ఒక్క మచ్చ లేదు. ఆ రోజు నేను వేసుకున్నది అమ్మ చివరిగా కుట్టిన జాకెట్టు. రెండు భుజాలూ తరాజులో తూచినంత సమంగా ఉన్నాయి. లోకంలో ఆ ఒక్క అద్దంలోనే అలా ఉంటాయని తెలిసీ, చాలాసేపు చూసుకున్నాను.

పదకొండున్నర బండికి తిరుగు ప్రయాణం. ఈసారి కిటికీ సీటే దొరికింది, బొంతలో అద్దం కాళ్ల మధ్య వెచ్చగా ఉంది. వరంగల్ వెళ్లి వచ్చానో, అమ్మ దగ్గరికి వెళ్లి వచ్చానో తేల్చుకోలేని మగతలో కళ్లు మూతలు పడుతున్నాయి. కాజీపేటలో ఒక పిల్ల ఎక్కింది, ఎడమ చంకన బిడ్డ. ములుగు నుంచి వస్తున్నానంది. జరిగి చోటిచ్చాను. బిడ్డ నిద్రపోయాక, వాడిని ఒళ్లోకి దించి ఆమె నిటారుగా కూర్చుంది.

అమ్మ అన్నట్టే ఎడమ భుజం కొంచెం కిందికే ఉంది. పావంగుళం ఉంటుందేమో. ఇన్నేళ్లూ ఆ గాజులో చూసిన నా కళ్లకే అలా కనబడిందో ఏమో. కొలత టేపు సంచిలోనే ఉంది. సికింద్రాబాద్ వచ్చేదాకా దాన్ని బయటికి తీయలేదు.