ఎండ మీదికి తోసిన తప్పు

ఇరవై ఏళ్లకు పైగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చెప్పింది ఒక్క ప్రశ్న రూపంలో. దాన్ని నమ్మిన మనిషి చివరిదాకా తననే తప్పుపట్టుకుంది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పుడు తిరుపతిలో ఒక చిన్న కంప్యూటర్ సెంటర్లో పనిచేసేవాణ్ణి. ఓనరు వద్దన్నా వినకుండా ఒక మిషన్లో విండోస్‌కు బదులు లినక్స్ వేశాను. అది తెలిసినవాళ్లు మా వీధిలో ఇంకెవరూ లేరని గర్వం. కొత్తగా సీడీ రైటర్ కొన్నప్పుడు, నీ లినక్స్‌లో అది పనిచేయదులే అని ఓనరు నవ్వాడు. చేయించి చూపిస్తానన్నాను.

ఆ వారమే కాళహస్తి నుంచి రాజమ్మక్క వచ్చింది. కలంకారీ పని చేసేది. చనిపోయిన తన నాయన గొంతున్న ఒకే ఒక క్యాసెట్‌ను సీడీ చేయించుకోవాలని తెచ్చింది. రంగులు కాచే పద్ధతులు, గుడ్డ మీద గీస్తూ పాడుకునే పాటలు, మధ్యమధ్య దగ్గు. టేపుకు బూజు పట్టింది. కంప్యూటర్లోకి ఎక్కించడం అయ్యీ అవగానే ప్లేయర్లో చుట్టుకుని తెగిపోయింది. "పోతే పోనీలే అక్కా, అంతా కంప్యూటర్లోకి వచ్చేసినాది" అన్నాను. అప్పటికి అది నిజమే.

రైటర్‌తో రెండు రోజులు కుస్తీ పట్టాను. లినక్స్‌కు అది సీడీలు చదివే డ్రైవుగానే కనబడుతోంది, రాసేదిగా కాదు. మిషన్ మొదలయ్యేటప్పుడే ఒక మాట చేర్చి, అది వేరే రకం డ్రైవని నమ్మించాక దారికొచ్చింది. ఖాళీ సీడీ పాడవకుండా ముందు ఉత్తుత్తిగా రాయించి చూసుకునే వీలుంది. కమాండులో 'డమ్మీ' అన్న మాట చేరిస్తే డ్రైవు తిరుగుతుంది, తెర మీద అంకెలు నడుస్తాయి, సీడీ మీద మాత్రం ఏమీ పడదు. అది చక్కగా జరిగింది. అసలు రాతకు అదే కమాండును మళ్లీ పైకి తెచ్చుకున్నాను. ఆ ఒక్క మాట తీసేయడం మరిచాను.

అంకెలు చివరిదాకా నడిచాయి. సీడీ బయటికొచ్చింది. ఓనర్ని పిలిచి మరీ చూపించాను. ఒకసారి పెట్టి వినాలని తెలుసు. అక్క బస్సుకు తొందరపడుతోంది, నేను గెలిచిన సంబరంలో ఉన్నాను. మర్నాడు కంప్యూటర్ డిస్కులో చోటు చాలక ఆ గొంతున్న ఫైళ్లు చెరిపేశాను.

వారానికి ఆమె మళ్లీ వచ్చింది.

"తమ్ముడా, ఇందులో ఏమీ పలకలేదు. మా ఈదిలో కంప్యూటరుండే వాళ్లింట్లో గూడా ఏసి సూసినాము."

పెట్టి చూశాను. ఖాళీ. ఇచ్చిన కమాండులు మిషన్లో నిలిచే ఉంటాయి, అవీ చూశాను. ఉత్తుత్తి రాతలోనూ, అసలు రాతలోనూ అదే 'డమ్మీ'. ఓనరు పక్క బల్ల దగ్గరే ఉన్నాడు.

"ఎండలో ఏమన్నా పెట్టినావా అక్కా?" అన్నాను.

ఆమె ఆ వారంలో చేసిన పనులన్నీ వేళ్ల మీద లెక్కపెట్టుకుంది.

"ఏట్లో గుడ్డలు ఆరేసేటప్పుడు సంచిలో ఉండె. సంచి ఇసకలోనే పెట్టినాను. నాకు తెలీకపాయె నాయనా. నువ్వంత కష్టపడి చేసిస్తివి" అంది.

నాకే క్షమాపణ చెప్పి వెళ్లింది.

మరుపు ఎవరికైనా వస్తుంది. కానీ ఆ ప్రశ్న మరుపు కాదు. ఆ రోజే నిజం చెప్పి, మిషన్ ఆపేసి, డిస్కును చెన్నైలో తెలిసినవాళ్ల దగ్గరికి పంపి ఉంటే చెరిపినదాంట్లో కొంతైనా తిరిగొచ్చేదేమో. చెరిపిన ఫైళ్లు, వాటి చోట కొత్తవి పడేదాకా డిస్కులో మిగిలే ఉంటాయని నాకు అప్పుడే తెలుసు. పంపాలంటే ఎందుకో చెప్పాలి. చెప్పలేక అదే డిస్కు మీద రోజూ పనిచేస్తూ పోయాను. దేనికి భయపడ్డాను? ఓనరు నవ్వుకా? ఒక నవ్వుకు వెరచి, ఆ గొంతు తిరిగొచ్చే దారిని కూడా మూసేశానా?

కొన్నేళ్ల తర్వాత, చెప్పేయాలనే కాళహస్తి వెళ్లాను. ఆమె నలుగురు ఆడపిల్లలకు కలంకారీ గీయడం నేర్పుతోంది. నన్ను గుర్తుపట్టి మజ్జిగ ఇచ్చింది. "మా నాయన మాటలు ఈ తమ్ముడు బద్రంగా సీడీ చేసిచ్చినాడు. నేనే ఎండలో పెట్టి పోగొట్టుకుంటిని" అని వాళ్లకు చెప్పింది. మజ్జిగ తాగి వచ్చేశాను.

పోయినేడు ఆమె పోయిందని తెలిసింది. ఇప్పుడు చెప్తే ఆమెకు ఒరిగేదేమీ లేదు. దీన్ని ధైర్యం అనుకోకండి. అయినా ఎక్కడో ఒకచోట ఈ సంగతి ఉన్నదున్నట్టు రాసి ఉండాలి. రాస్తుంటే ఊపిరి కొంచెం తేలికగా ఆడుతోంది, అంతవరకే. ఆ సీడీలో మొదటినుంచీ ఏమీ లేదు. రాజమ్మక్క ఏదీ పోగొట్టలేదు. పోగొట్టింది నేను.