భయం తగ్గలేదన్న సాక్ష్యం

నాగాయలంక తహసీల్దారు కార్యాలయంలో అటెండరు జీవానందం ఇరవై రెండేళ్లుగా ప్రతి ఉదయం ఎనిమిదిన్నరకు వర్షమాపకం చదివి, పడిన వానను మిల్లీమీటర్లలో రాస్తున్నారు. చినుకు పడని రోజున కూడా మూత తీసి చూశాకే సున్నా వేస్తారు. ఆదివారాలు కాలవగట్టు మీది చర్చిలో పన్నెండు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు సండే స్కూలు నడుపుతారు.

ఆ తరగతిలో శ్రీజకు పదమూడేళ్లు. తండ్రి ఏసుబాబు చేపల బోటులో పనిచేస్తాడు. వేటకు వెళితే తిరిగి రావడానికి నాలుగు రోజులు పడుతుంది. ఆ నాలుగు రోజులూ శ్రీజకు అన్నం సయించదు. నిరుడు అక్టోబరులో ఆ సంగతి చెప్పుకున్నప్పుడు, "భయం వేసినప్పుడల్లా ప్రార్థన చెయ్యమ్మా, పోతుంది" అన్నారు జీవానందం. ఆరాధన చివర విశ్వాసులు ఒక్కొక్కరే లేచి, దేవుడు తమకు చేసిన మేలును సాక్ష్యంగా చెప్పడం అక్కడి ఆనవాయితీ. రెండు వారాల తర్వాత శ్రీజ లేచి, తన భయం పోయిందని చెప్పింది. అందరూ "స్తోత్రం" అన్నారు. ఆయన కూడా అన్నారు.

ఆ గురువారం ఏసుబాబు ఆఫీసు దగ్గరికి వచ్చాడు.

"మాస్టారండీ, పిల్ల మూడు రోజుల నుంచి బడికెళ్లట్లేదు. సోమవారం నన్ను బోటెక్కొద్దంటోంది."

"భయం పోయిందని చెప్పింది కదయ్యా?"

"పోలేదంటండీ. పోలేదంటే విశ్వాసం లేదనుకుంటారని అలా చెప్పిందంట. దేవుడి ముందు అబద్ధమాడింది కాబట్టి ఆయన నన్ను తీసుకుపోతాడని ఏడుస్తోంది. నేనేమో వేట మానడానికి లేదు."

సాయంత్రం జీవానందం వాళ్లింటికి వెళ్లారు. శ్రీజ గడప మీద కూర్చుని ఉంది.

"దేవుడికి కోపం వచ్చిందా మాస్టారూ?"

"నీ మీద ఎందుకు వస్తుందమ్మా. ప్రార్థన చేస్తే భయం పోతుందని నీకు చెప్పింది నేను. నాకు పోయిందో లేదో చూసుకోకుండా చెప్పాను. మూత తియ్యకుండా అంకె వేసినట్టు."

"మీకు పోలేదా?"

"ఆదివారం చెప్తాను. వచ్చి కూర్చో."

ఆదివారం సాక్ష్యాల సమయంలో ఆయనే ముందుగా లేచారు.

"డెబ్బై ఏడు ఉప్పెనప్పుడు నాకు పన్నెండేళ్లు. అమ్మ, ఇద్దరు చెల్లెళ్లు పోయారు. ఇప్పటికీ వాయుగుండం అన్న మాట వింటే కాళ్లు వణుకుతాయి. ప్రార్థన చేస్తాను. ఒక్కోసారి వణుకు తగ్గుతుంది, ఒక్కోసారి తగ్గదు. తగ్గని రోజున కూడా ప్రభువు నన్ను వదిలి వెళ్లలేదు. ఇది మాత్రం చూసి చెప్తున్నాను."

భయం తీరలేదని సాక్ష్యం చెప్పడం ఆ చర్చిలో ఎవరూ ఎరగరు. స్తోత్రం అనాలో వద్దో తెలియక పాస్టరుగారి వైపు చూశారు. అప్పుడు బోట్ల యజమాని తాతారావు లేచారు.

"నాకు నీళ్లంటే భయం. రెండు బోట్లు కొన్నాను గానీ ఒక్కదాన్నీ ఎక్కలేదు."

"అందుకేనా తాతారావుగారూ, మమ్మల్ని పంపించి మీరు రేవులో టీ తాగుతూ కూర్చునేది?" అన్నాడు వెనకనుంచి ఏసుబాబు.

నవ్వులు ఆగకముందే నర్సు ఝాన్సీలక్ష్మి లేచి, ప్రతి కాన్పుకు ముందూ తన చేతులు చల్లబడతాయని చెప్పింది. ఆ ఉదయం అలా పదిహేడు మంది లేచారు. ఏళ్ల తరబడి పక్కపక్కనే కూర్చున్నవాళ్లు ఒకరినొకరు అప్పుడే మొదటిసారి చూసినట్టు చూసుకున్నారు. పద్దెనిమిదో మనిషి శ్రీజ.

"నాకూ పోలేదండీ. పోయిన వారం తప్పు చెప్పాను."

ముగింపు ప్రార్థనకు లేచిన పాస్టరుగారు ఒక క్షణం ఆగి, "నువ్వే చెయ్యమ్మా" అన్నారు.

"ప్రభువా, నాన్న రేపు వెళ్తాడు. నాకు భయంగా ఉంది. నువ్వు నాన్నతోనూ ఉండు, నాతోనూ ఉండు."

అన్నేళ్ల సండే స్కూలులో తాను ఏ పిల్లకూ నేర్పలేకపోయిన ప్రార్థన అది. వింటూనే జీవానందం మోకరించారు.

సోమవారం తెల్లవారుజామున బోటు వెళ్లింది. తొమ్మిదికి పది నిమిషాల ముందు బడి గేటు దగ్గర శ్రీజ ఆయనకు కనిపించింది.

"అన్నం తిన్నావా?"

"సగం తిన్నాను మాస్టారూ."

"భయం?"

"ఉందండీ. బెల్లు కొట్టేస్తారు, వెళ్తాను."

అంత భయాన్ని వెంటబెట్టుకుని అంత మామూలుగా నడిచి వెళ్లే మనిషిని ఆయన అంతవరకు చూడలేదు.