ఆయాసం తెలియని మనిషి

రోగికి ఆక్సిజన్ పెట్టినప్పుడు గోడకున్న సీసాలో నీళ్లు సన్నగా గుడగుడలాడతాయి. వార్డులో ఎవరూ ఆ చప్పుడును పట్టించుకోరు. నాకు మాత్రం అది చెవిన పడగానే మహారాష్ట్ర అంచున ఉన్న సిరొంచలో ఒక వానకాలం, నీళ్లు కప్పేసిన రోడ్డు, డాక్టర్ విమల గుర్తుకొస్తారు. ఆమెను మీరు చూసి ఉండరు. పొట్టిగా, బక్కపలచగా ఉండేవారు. మెడకు రెండు పక్కలా, దవడల కింద, ఆపరేషన్ గాట్లు మానిన మచ్చలుండేవి. ఎండాకాలంలో కూడా కొంగు మెడ చుట్టూ కప్పుకునేవారు.

నేను నర్సుగా అక్కడ చేరేనాటికి గోదావరి మీద వంతెన లేదు. అవతలి ఒడ్డుకు పడవలో పోవాలి. ఇవతల గడ్చిరోలి పోవాలంటే అడవి రోడ్డు మీద రోజంతా ప్రయాణం. బదిలీ మీద వచ్చిన డాక్టర్లు సామాను విప్పకముందే వెనక్కి పోయే దారి వెతుక్కునేవారు. చంద్రపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబంలో పుట్టిన విమల మేడం మాత్రం ఉండిపోయారు. ఆస్పత్రి వెనక క్వార్టర్లో ఒక్కరే ఉండేవారు. పక్క క్వార్టర్లో నేనూ ఒక్కదాన్నే. సాయంత్రాలు ఎవరి గడపలో వాళ్లం కూర్చునేవాళ్లం. మధ్యలో ముళ్లకంచె. కూర ఏం వండినవని ఆమె అడిగితే చెప్పేదాన్ని. అక్కడికి మాటలు అయిపోయేవి.

ఆమె ఎవరితోనూ గట్టిగా మాట్లాడేవారు కాదు. పొగరని కొందరన్నారు. నాకూ మొదట అలాగే అనిపించింది. ఒక ఆదివారం ఆమే కంచె దగ్గరికి వచ్చి పిలిచారు.

"పద్మా, జర ఇటు రా. నీకొక మాట చెప్పాలె."

వెళ్తే నా చేతివేళ్లను నా మెడకే ఆనించి, దవడ కింద నాడి దొరికేదాకా జరిపారు.

"కొట్టుకుంటున్నదా? తలకు రక్తం మోసే నాళం గీడ రెండుగ చీలుతది. ఆ చీలిన కాడ ఒక్కో పక్కకు బియ్యపు గింజంత ముద్ద ఉంటది, అందరికీ. రక్తంల ఆక్సిజన్ తగ్గిందంటే ముందుగాల దానికే తెలుస్తది. అది మెదడుకు చెప్తది. అప్పుడే మనకు దమ్మొస్తది, ఆయాసపడి ఊపిరి జోరుగ తీస్తం. నాకు ఆ రెండూ లేవు. గడ్డలైనయని రెండు దిక్కులా తీసేసిన్రు."

నేను భయపడ్డాను. "మరి మీకు ఊపిరెట్ల ఆడుతున్నది మేడం?"

"మెదడుల ఇంకో కాపలా ఉన్నది. కార్బన్ డయాక్సైడ్ పెరిగితే అది పట్టుకుంటది. ఆక్సిజన్ తగ్గితే మాత్రం నాకు చెప్పేటోళ్లు లేరు." నవ్వారు. "బీపీని సరిజేసే నరాలు సుత గా ఆపరేషన్లనే పోయినయ్. జర కోపమొస్తే బీపీ ఎక్కడికో పోతది. అందుకే ఎవలతోని లొల్లి పెట్టుకోను."

తర్వాత తన అన్న గురించి చెప్పారు. ఆ గడ్డలు వాళ్ల ఇంట్లో వంశపారంపర్యం. అన్నకూ రెండు వైపులా తీసేశారు. ఆయన స్నేహితులతో హిమాలయ యాత్రకు వెళ్లాడు. పైకి ఎక్కేకొద్దీ అందరూ రొప్పుతూ కూలబడుతుంటే ఆయన ఒక్కడే పాట పాడుకుంటూ ముందు నడిచాడట. దమ్మున్న మనిషని అందరూ మెచ్చుకున్నారట. ఆ పాట మధ్యలోనే పడిపోయాడు. మళ్లీ లేవలేదు.

"గందుకే చెప్తున్న. నాకు జ్వరమొచ్చినా దగ్గొచ్చినా నా మాట వినకు. బాగున్న అంటే నమ్మకు. వెలుతురుకు తీసుకపోయి పెదవులు చూడు, గోర్లు చూడు. గీ ఊర్ల నాకు ఇంకెవలున్నరు?"

ఆ మరుసటి వానకాలం ప్రాణహిత పొంగి రోడ్డు తెగిపోయింది. భామ్రాగడ్ వైపు నుంచి వచ్చే జ్వరం కేసులు కూడా ఆగిపోయాయి, దారి లేక. ఆస్పత్రిలో ఆమె ఒక్కరే డాక్టరు. నాలుగు రోజులుగా ఆమెకు జలుబు, చిన్న దగ్గు. ఆ ఉదయం ఎప్పటిలాగే ఓపీలో కూర్చుని చీటీలు రాస్తున్నారు. ముఖంలో అలసట లేదు సరికదా, ఎన్నడూ లేనంత ఉల్లాసంగా ఉన్నారు. ఒక ముసలాయనతో పరాచికాలాడారు. ఆయనకు చెప్పిన మాటే మళ్లీ చెప్పారు. మూడోసారి కూడా అదే మాట. నేను దగ్గరికి వెళ్లి ఆమె చెయ్యి పట్టుకుని కిటికీ వైపు తిప్పాను. గోర్లు నేరేడుపండు నీళ్లలో ముంచినట్లు ఉన్నాయి.

"లేవండి మేడం. ఆక్సిజన్ పెడ్త."

"నాకేం కాలే. దమ్ము సుత వస్తలేదు చూడు."

"మీకు దమ్ము రాదు మేడం. మీరే చెప్పిన్రు."

"డాక్టర్ నువ్వా, నేనా?" అని అరిచారు. ఆమె గొంతు అంత పెద్దగా వినడం అదే మొదలు. ముఖమంతా ఎర్రబడింది. రోగులు లేచి నిలబడ్డారు. అయినా ఆమె చంకల కింద చేతులు వేసి లేపాను. ఆ ముసలాయనే ఒక పక్క పట్టుకున్నాడు. మంచం మీద పడుకోబెట్టి మాస్కు పెట్టాను. కొంతసేపు దాన్ని లాగేస్తూనే ఉన్నారు. లాగినప్పుడల్లా మళ్లీ పెట్టాను. మెల్లగా గోర్ల రంగు తిరిగింది. అప్పుడు కళ్లు తెరిచి, న్యుమోనియాకు ఏ సూదిమందు ఎంత ఇవ్వాలో తానే చెప్పారు. నీళ్లు తగ్గి రోడ్డు తేలేదాకా మందులతో, ఉన్న ఒకే ఒక్క సిలిండరును పొదుపుగా వాడుతూ నెట్టుకొచ్చాం. తర్వాత జీపులో ఆష్టి మీదుగా చంద్రపూర్ పంపించాం.

తిరిగి వచ్చాక కంచె ఇవతలికి వచ్చి, మొదటిసారి నా గడపలో కూర్చున్నారు.

"నాకు ఏం తెలువలే పద్మా. మనసు మస్తు హాయిగుండె. గదే నాకు భయం. కష్టమైతే మనిషి ఎవలనన్న పిలుస్తడు. హాయిగుంటే ఎందుకు పిలుస్తడు?"

చాయ్ పెట్టి ఇచ్చాను.

కొన్నేళ్లకు ఆమె రిటైరై చంద్రపూర్ వెళ్లిపోయారు. ఆదివారాలు ఫోన్ చేసేవారు. దగ్గర ఎవరున్నారని అడిగితే, ఎదురింటావిడ పొద్దున పాలు తెచ్చి ఇచ్చేటప్పుడు తన మొహం చూసి పోతుందని చెప్పేవారు. ఒక చలికాలం ఆవిడ కూతురి పురుటికని ఊరెళ్లింది. తర్వాతి ఆదివారం ఫోన్ రాలేదు. మరునాడు మేడం అన్నకొడుకు చేశాడు. మేనత్త కుర్చీలో కూర్చున్నట్టే పోయిందని, ఒళ్లో స్వెట్టరు అల్లిక అలాగే ఉందని చెప్పాడు. జ్వరం మందు మూత తీసి ఉందట.

నేను వెళ్లేసరికి ఇంటి నిండా చుట్టాలు. నాకు ఒక్కరూ తెలియరు. "దమ్ము లేదు, తిప్పల లేదు, అదృష్టవంతురాలు" అని ఒకామె అంటోంది. అందరూ తలలూపుతున్నారు. ఎదురింటావిడ మాత్రం ఊరి నుంచి దిగిన సంచీతోనే వచ్చి, గుమ్మం దగ్గర నిలబడి ఏడుస్తోంది. మొన్న ఫోన్‌లో మాట్లాడితే బాగున్నానని చెప్పిందని, ఆ గొంతు విని తాను ఇంకో రెండు రోజులు ఉండిపోయానని అంది. నేను ఆమె పక్కన నిలబడ్డాను. అక్కడ నా మనిషి ఆమె ఒక్కతే అనిపించింది.

ఇప్పుడు నాకు వార్డుతో పాటు ఊళ్లు తిరిగే డ్యూటీ కూడా ఉంది. చాలా ఇళ్లలో ముసలివాళ్లు ఒంటరిగా ఉంటారు. గడప దాటకముందే, "నాకేం కాలే బిడ్డా, మంచిగనే ఉన్న, నువ్ పో" అంటారు. వాళ్లు అబద్ధమాడరు. వాళ్లకు అలాగే తెలుస్తుంది. నేను చెప్పులు విప్పి లోపలికి వెళ్లి, వాళ్ల మంచం అంచున కూర్చుంటాను.